చెంబెడు పచ్చనీళ్ళు

ఇన్నేళ్ళూ నా గుండెల మీద ఒక చెంబు మోశాను. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మామూలు స్టీలు చెంబు, అంచు దగ్గర కాస్త సొట్ట. నిఖా రోజున మోశాను. పిల్ల పుట్టినప్పుడు మోశాను. రంజానుకు సేమ్యా కలుపుతూ మోశాను. పైకి చూస్తే నేను తుళ్ళుతూ తిరిగే మనిషిని. నా నవ్వు వీధి మలుపు దాకా వినపడుతుందని మా వాళ్ళు విసుక్కుంటారు. అంత నవ్వే మనిషి కడుపులో ఒక దొంగతనం ఉందంటే ఎవరు నమ్ముతారు? మీకు చెబుతాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతోంది. పేరు మాత్రం అడక్కండి.

నేను నీళ్ళు దొంగిలించాను. తాగే నీళ్ళు కాదు. ఇంజను నీళ్ళు.

ఎక్కడ మొదలుపెట్టాలి? బండి దగ్గరే మొదలుపెడతాను.

మాది జువ్వలదిన్నె రేవు పక్కన ఊరు. నాయనకు చేపల వ్యాను ఉండేది. తెల్లారేసరికి రేవులో ఐసు పెట్టెలు ఎక్కించుకుని నెల్లూరు మార్కెట్టుకు పోయేవాడు, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేవాడు. రాగానే బండి కడగడం నా పని. చేపల బండి ఉన్న ఇళ్ళలో అది ఆడవాళ్ళ పనే. ఐసు కరిగిన నీచునీళ్ళు రేకుల మీద ఆరిపోతే తుప్పు తినేస్తుంది. అందుకని బిందెల కొద్దీ నీళ్ళు కుమ్మరించి, చీపురుతో తోమి, చక్రాల సందుల్లో కూడా కడిగేదాన్ని. మా ఇంటి ముందు నేల ఎప్పుడూ తడే. ఈ తడి సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆ ఏడు బండి లాగడం మానేసింది. నల్లటి పొగ, ముక్కడం, మూలగడం. టర్బో పోయిందన్నారు. కొత్త టర్బో బిగించిన మెకానిక్కు పేరు మస్తాన్. కావలి రోడ్డు మీద ఒక షెడ్డులో ఉస్తాదు దగ్గర పనిచేసేవాడు. తెలియని వాళ్ళకు చెబుతాను, టర్బో అంటే నత్తగుల్ల ఆకారంలో ఉంటుంది, ఇంజనులోకి గాలిని గట్టిగా తోస్తుంది. పొగ వేడికి అది కాలిపోకుండా, ఇంజనులో తిరిగే పచ్చరంగు కూలెంటు నీళ్ళే సన్నటి గొట్టాల్లో దాని చుట్టూ కూడా తిరుగుతాయి. చేపలు తోముకునేదానికి ఇవన్నీ ఎలా తెలుసనుకుంటున్నారా? ఆయనే చెప్పాడు.

బిగించిన మర్నాడే కూలెంటు డబ్బాలో నీళ్ళు దిగిపోయాయి. అది నా పని కాదు, ఒట్టు! నాయన కబురు పెడితే మస్తాన్ మోటారుసైకిలు మీద వచ్చాడు. నేను చీపురు పట్టుకుని, మోకాళ్ళ దాకా తడిసి, నీచు కంపు కొడుతూ నిలబడి ఉన్నాను. ఆయన నన్ను చూడలేదు. బండినే చూశాడు. గొట్టాలు నొక్కి చూశాడు, చెవి ఆనించి విన్నాడు. తర్వాత బండి ముందు చక్రాలను ఇసకమిట్ట మీదికి ఎక్కించి, మూతి పైకి ఉండేట్టు నిలబెట్టి, చల్లారిన మూత తీసి, నీళ్ళు మెల్లిగా పోస్తూ ఇంజను ఆడించాడు. బుడబుడమని గాలి పైకొచ్చింది. అబ్బ, అప్పుడాయన మొహం చూడాలి! రేవులో మొదటి వల నిండినవాడికి కూడా అంత సంబరం ఉండదు.

"అదో, చూస్తిరా? గొట్టంలో గాలి చిక్కుకోని ఉండాది. కొత్తగా ఇప్పి బిగిస్తే అంతే. గాలి పోయిన చోట్లోకి నీళ్ళు దిగతాయి. కారిపోయినట్టు మనం హడలిపోతాం." ఇది నాయనతో అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఈ పైపు ముట్టుకోండి. ఏం కాదులే, ముట్టుకోండి."

ముట్టుకున్నాను.

"వెచ్చగా ఉందా?"

"ఉండాది."

"ఇంతకుముందు చల్లగా ఉన్నింది. వేడి ఇంత దూరం వచ్చిందంటే నీళ్ళు తిరగతా ఉండాయని లెక్క."

చేతులు తుడుచుకుంటూ, నాయనతో మాట్లాడుతూ, నన్ను చూస్తూ అన్నాడు: "రేపు కూడా తగ్గితే కబురు చెయ్యండి. వస్తా."

అంతే. ఆ ఒక్క మాటే నా కొంప ముంచింది.

మర్నాడు మధ్యాహ్నం బండి రావడం ఆలస్యం, పరుగెత్తి డబ్బా చూశాను. నిండుగా ఉంది. గీత దగ్గరి నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి. ఏం బండి ఇది! ఒక్క చుక్క తగ్గితే దాని సొమ్మేం పోయింది? ఆ మర్నాడూ తగ్గలేదు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. నాయన మాత్రం పిల్లాడు పనిమంతుడు అని మెచ్చుకుంటూ అన్నం తింటున్నాడు. పనిమంతుడు కావడం వల్ల మళ్ళీ రాడు. ఇదెక్కడి న్యాయం?

రేడియేటరు అడుగున చిన్న కుళాయి ఉంటుంది. పాత నీళ్ళు తియ్యాలంటే దాన్ని తిప్పాలని ఆయనే చూపించాడు. గురువు నేర్పిన విద్య! చక్రం తోముతున్నట్టు వంగి కూర్చుని, చెంబు కింద పెట్టి, కుళాయి తిప్పాను. చెంబు పచ్చగా నిండింది. కట్టేశాను. నేల మీద పడ్డ చుక్కల మీద బిందెడు నీళ్ళు కుమ్మరించాను. పాపం చెయ్యడం అంత సులువని నాకు అప్పటిదాకా తెలియదు.

చెంబులోవి పారబొయ్యడానికి మనసు రాలేదు. నాయన దుకాణంలో కొన్న నీళ్ళు కదా. పైగా అవి విషం, కోళ్ళు తాగితే చస్తాయి. పాత డీజిలు డబ్బాలో పోసి, మూత బిగించి, విరిగిన ఐసు పెట్టెల వెనక దాచాను. దొంగతనంలో కూడా నాకు పొదుపే.

మస్తాన్ వచ్చాడు. బండి కింద దూరి వెతికాడు. నేలంతా తడి. ఏది కారిన చుక్కో, ఏది నేను కడిగిన నీళ్ళో ఎవరికి తెలుస్తుంది? టర్బో దగ్గర గొట్టాల బోల్టులకు రాగి వాషర్లు ఉంటాయి, అవి గట్టిపడితే నీళ్ళు చెమరుస్తాయట. వాటిని విప్పి, మా అమ్మనడిగి, మా వంటింటి పొయ్యి మీదే పట్టకారుతో పట్టుకుని ఎర్రగా కాల్చి నీళ్ళలో వేశాడు. చుయ్యిమంది. అలా కాలిస్తే రాగి మెత్తబడి బోల్టు కింద చక్కగా కూర్చుంటుందట. అమ్మ చేపల పులుసు దించి ఆయన కోసం పొయ్యి ఖాళీ చేసింది. నేను గిన్నె పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఒట్టి రాగి బిళ్ళలు చల్లబడుతుంటే అంత సంతోషం ఎందుకు వేసిందో ఇప్పటికీ చెప్పలేను.

ఇక ఆగలేదు. ఆయన వాషర్లు మార్చిన తర్వాత ఒక చెంబు. క్లిప్పులు మార్చిన తర్వాత ఒక చెంబు. రేడియేటరు మూత మార్చిన తర్వాత ఇంకొకటి. నాయన రోజూ బండి తియ్యబోయే ముందు నీళ్ళు చూసుకుని పోసుకునేవాడు, కాబట్టి ఇంజనుకేం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మస్తాన్ వచ్చినప్పుడల్లా టీ, అప్పుడప్పుడూ అన్నం, బండి చుట్టూ కబుర్లు. పంపుతో గాలి పట్టించి గొట్టాలు పరీక్షించడం, పొగ తెల్లగా ఉందేమో చూడటం, ఇవన్నీ నాకు వివరంగా చెప్పేవాడు. వినేవాళ్ళు దొరికారని ఆయనకు ఆనందం. చెప్పే మనిషి దొరికాడని నాకు. దీన్ని తప్పు అనాలా? ఇంతవరకూ అయితే అల్లరి అనుకుని మీరు నన్ను వదిలేస్తారు. నేనూ వదిలేసేదాన్ని.

కానీ ఇంతటితో అయిపోలేదు.

ఒకరోజు టీ తాగుతూ ఆయన నాయనతో అన్నాడు, చెన్నైలో పెద్ద కంపెనీ వర్కుషాపులో తెలిసినవాళ్ళు పని చూశారని, రమ్మంటున్నారని. "ఈ బండి నీళ్ళు ఆపేసి పోతా భాయ్. సగంలో ఇడిసిపెట్టి పోతే ఏం బాగుంటాది?"

నేను గుమ్మం దగ్గర చేపలు తోముతున్నాను. చేతిలో కత్తి ఆగిపోయింది. ఆయన గొంతులో ఆ ఊరి పేరు ఎంత ముచ్చటగా పలికిందో విన్నాను. కొత్త కొత్త ఇంజన్లు, కొత్త మిషన్లు, అవన్నీ నేర్చుకోవాలని ఆయనకు ఎంత ఆశో నాకంటే ఎవరికి తెలుసు? తెలిసే, ఆ మధ్యాహ్నం చెంబు అంచుదాకా నింపాను. అంతకుముందు తీసినవి ఆయన వస్తాడని తీశాను. అప్పటినుంచి తీసినవి ఆయన పోతాడని తీశాను. అదే చెంబు, అవే నీళ్ళు. తేడా నాకొక్కదానికే తెలుసు. బండి బాగుపడితే ఆయన పోతాడు. బండి బాగుపడకూడదు. అంత సూటిగా ఆలోచించానా? ఆలోచించాను. పసితనం అని తప్పించుకోను, బుద్ధి తెలిసే చేశాను.

తర్వాత ఒకరోజు రొయ్యల లోడు తొందరలో నాయన నీళ్ళు చూసుకోకుండా బయల్దేరాడు. కొడవలూరు దగ్గర హైవే మీద ఇంజను కాగిపోయి ఆవిరి చిమ్మింది. అటూ ఇటూ వరిపొలాలు, ఎండ, కరిగిపోతున్న ఐసు. మస్తాన్ ఆదరాబాదరా పోయాడు. రోడ్డు మీద పదిమంది ముందు నాయన ఆయన్ను కడిగి పారేశాడట. "నీళ్ళు ఆపడం చేతగానోడివి, నీకెందుకయ్యా పానా?" అన్నాడట. ఆయన మాత్రం, వేడి మీద మూత తీస్తే నాయన మొహం కాలుతుందని, ఇంజను చల్లారేదాకా మూతకు అడ్డంగా నిలబడి, తిట్లన్నీ తిని, ఆ తర్వాత కాలవ నీళ్ళు మోసుకొచ్చి పోశాడట.

సాయంత్రం నాయన ఇది మీసం మెలేస్తూ చెప్పాడు. నాకు ముద్ద దిగలేదు. అప్పుడు చెప్పి ఉండవచ్చు. నాలుక చివరి దాకా వచ్చింది. ఎందుకు మింగాను? నాయన తంతాడనా? కాదు. చెబితే ఆయన పేరు నిలబడుతుంది. పేరు నిలబడితే చెన్నై పోతాడు. చూడండి, ఆ ముద్ద దిగని పూట కూడా నేను ఆ లెక్కే వేసుకున్నాను.

మర్నాడు అమ్మ దర్గాకు పోయి తాయెత్తు తెచ్చింది. నల్లతాడుతో రేడియేటరు గొట్టానికి కట్టింది. మా వైపు కొత్త బండికీ, కొత్త పడవకూ అందరూ కడతారు, అందులో వింత లేదు. ఆరోజే నేను చెంబు పక్కన పెట్టేశాను. హైవే సంగతి విన్నాక ఇక కుళాయి మీద చెయ్యి వెయ్యలేకపోయాను. నీళ్ళు ఆగిపోయాయి. అమ్మ వీధి వీధంతా చెప్పుకుంది. తాయెత్తు మీద నాకు నమ్మకం లేదనుకోకండి, నా మెడలోనూ ఉంది ఒకటి. కానీ నేను చెంబు ఆపినందువల్ల జరిగిన పనిని దాని పేరు మీద వేశాను. దానికీ అన్యాయం చేశాను.

మస్తాన్ చెన్నై పోలేదు. నిఖా అయ్యాక ఒకసారి నాతోనే అన్నాడు, "తాయెత్తుతో ఆగిన నీళ్ళు నా చేత ఆగినట్టా? ఏ మొకం పెట్టుకోని పోయేది?" అని. ఔను, మా నిఖా అయింది. రోడ్డు మీద తిట్టినందుకు నాయన మనసు పీకి, పిలిచి అన్నం పెట్టాడు. పెట్టిన అన్నం సంబంధం దాకా పోయింది. బండి బాగుచెయ్యడానికొచ్చి బండి గలాయన కూతుర్ని ఎక్కించుకుపోయాడని ఊరంతా ఒకటే నవ్వు.

మేం సుఖంగానే ఉన్నాం. ఈ మాట చెప్పకపోతే నన్ను ఏడుపుగొట్టుది అనుకుంటారు. రేవు దగ్గర ఆయనకు సొంత షెడ్డు ఉంది. ఇప్పటికీ ఏదైనా ఇంజను మొరాయిస్తే నన్ను కేకేసి "ఇది ముట్టుకో మే" అంటాడు. ముట్టుకుని, "సన్నగా వణకతా ఉండాది" అని నేనంటే పొంగిపోతాడు. ఇంత మంచి మనిషిని అడ్డదారిలో తెచ్చుకున్నానే అని ఒక్కో పూట నవ్వొస్తుంది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

ఎందుకంటే ఒక్కటి పాడైపోయింది, అది నా కళ్ళ ముందే పాడైంది. అంతకుముందు ఇంజనులో తప్పు దొరికేదాకా ఆయన వదిలేవాడు కాదు. ఆ బండి తర్వాత, కొంత వెతికి, దొరకకపోతే ఒక నల్లతాడు కట్టేస్తాడు. "కొన్ని మన చేతుల్లో ఉండవు" అంటాడు. మా నాయన బండి కథ చెబుతాడు. అందరూ తలలూపుతారు. ఆ కథ మొదలుపెట్టగానే నేను ఏదో పని ఉన్నట్టు లేచి లోపలికి పోతాను.

మొన్న వేట నిషేధం అయిపోయి పడవలు సముద్రానికి సిద్ధమవుతున్నప్పుడు, మా ఆయన పోలయ్యన్న పడవ ఇంజనుకు కొత్త టర్బో వేశాడు. రేవులోనే ఆడించి చూశారు. నీళ్ళు తగ్గాయి. గాలి తీశాడు. తగ్గాయి. వాషర్లు కాల్చి వేశాడు. మళ్ళీ తగ్గాయి. మధ్యాహ్నం అన్నానికొచ్చి కూర్చుని, "తాడు కట్టినా. ఇంక ఆగతాది. రేపు పోనీ" అన్నాడు.

నాయన బండి రోడ్డు మీద ఆగింది కాబట్టి కాలవ నీళ్ళు పోశారు. నడిసముద్రంలో ఇంజను పట్టేస్తే? పడవలో ఉండే వాళ్ళందరూ మాకు తెలిసినవాళ్ళే. పోలయ్యన్న కొడుకు పెళ్ళిలో నేను పొట్ట పగిలేలా నవ్వాను.

"తాడు కాదయ్యా. మా నాయన బండి నీళ్ళు తీసింది నేను" అన్నాను.

ఆయనకు పొలమారింది. నీళ్ళు తాగి, నావైపు చూసి, "నువ్వా? ఎందుకు?" అన్నాడు.

"నువ్వొస్తావని."

పగలబడి నవ్వాడు. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. నేనూ నవ్వాను. ఉన్నట్టుండి ఆపేశాడు.

"నేల తడి" అన్నాడు తనలో తను. "నేలంతా తడి." తర్వాత, "ఆ నీళ్ళు ఏం చేసినావు?"

"డబ్బాలో పోసినా. అమ్మోళ్ళింట్లో ఇంకా ఉండాది."

చెయ్యి కడుక్కుని రేవుకు పోయాడు. అన్నం సగంలో ఉంది. సాయంత్రం ఒంటినిండా గ్రీసుతో వచ్చి గుమ్మంలోనుంచే కేకేశాడు, "దొరికింది మే!" అని. టర్బో కింద నీళ్ళు తిరిగిపోయే గొట్టానికి క్లిప్పు చాటున వెంట్రుకంత చీలికట. చల్లగా ఉంటే మూసుకుంటుంది, కాగితే తెరుచుకుంటుంది, కారిన చుక్క ఆ వేడికే ఆవిరైపోతుంది. మర్నాడు పడవ సముద్రం మీదికి పోయింది. గాలి బుడగలు చూసిన నాటి సంబరం మళ్ళీ ఆయన మొహంలో. ఎన్నేళ్ళైంది అది చూసి! విప్పిన నల్లతాడు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

నేను సగమే చెప్పాను. మీకు తెలుసు కదా.

ఈ పొద్దున నాయన పాత వ్యాను కడుగుతున్నాను. ఇప్పుడది మా దగ్గరే ఉంది, పనిముట్లు మోస్తుంది. ఆయన సుద్దముక్క పట్టుకొచ్చి, కూలెంటు డబ్బా మీద నీళ్ళ మట్టానికి ఒక గీత గీశాడు. మొహం పక్కకు తిప్పుకుని, "గుర్తు పెట్టినా. తగ్గితే కబురు చెయ్యి. వస్తా" అన్నాడు.

చీపురు జారిపోయేలా నవ్వాను. ఆ నవ్వులోనే రెండో సగం బయటికొచ్చేసింది. "నువ్వొస్తావని తీసింది మొదట్లోనయ్యా. తర్వాతవన్నీ నువ్వు చెన్నై పోతావని తీసినా. తెలిసే తీసినా."

సుద్దముక్క ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది. నావైపు చూశాడు. బండివైపు చూశాడు. కోపమో, మరేదో, ఇంతకాలం కాపురం చేసినదాన్ని, నాకే తెలియలేదు. చివరికి, "చక్రాల సందున ఉప్పు పట్టింది, సరిగా కడుగు" అని షెడ్డులోకి పోయాడు.

మాఫీ చేశాడా? తెలియదు. అడగను. అడిగే హక్కు లేదు కూడా. లోపల పానాల చప్పుడు వినిపిస్తోంది, మామూలుగానే. నేను బిందె ఎత్తి బండి మీద కుమ్మరించాను. నీళ్ళు చక్రాల మీదుగా జారి వాకిలంతా పారాయి. ఎప్పటిలాగే నేలంతా తడి. ఆ తడి చాటున నేను దాచింది ఇక ఏమీ లేదు.